ట్యాంకు మూత మీది దారం

ఎదురుపడితే ఇన్‌స్పెక్టర్ గారూ అనేవాళ్ళు, వెనక మాత్రం అందరూ చెకింగాయన అనేవాళ్ళు. రెండు పేర్లూ ఆయనకు తెలుసు. రెండోదే ఎక్కువ నచ్చేదని నా అనుమానం.

ఆయన ఉద్యోగమంతా బస్సుల్లోనే గడిచింది. మొదట కండక్టరు, తర్వాత టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. స్టాపు లేని చోట మలుపు చాటున నిలబడి, చెయ్యెత్తి బస్సు ఆపి, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టీ పెట్టకముందే ఎవడి దగ్గర టికెట్ లేదో మొహం చూసి చెప్పేసేవాడట. నిద్ర నటించేవాడు, కిటికీలోంచి మరీ శ్రద్ధగా చూసేవాడు, అడగకముందే జేబులు తడుముకునేవాడు, అందరూ ఆయనకు కొట్టిన పిండే. రిటైరయ్యాక బస్సులు పోయాయి గాని ఆ చూపు పోలేదు. పాల ప్యాకెట్ చేతికిస్తే ఒకసారి ఎగరేసి బరువు చూసేవాడు. చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకునేవాణ్ణి చూస్తే వాడికి బుర్ర లేదనుకునేవాడు, లెక్కపెట్టి వేసుకునేవాణ్ణి చూస్తే వీడికేదో తెలుసనుకునేవాడు.

అలాంటి మనిషి వచ్చి చేరడానికి ఆ అపార్ట్‌మెంటే సరైన చోటు. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ పేరెత్తితే చాలు, అక్కడ ప్రతివాళ్ళకీ ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. కింది ఇళ్ళవాళ్ళు మేం లిఫ్ట్ ఎక్కం కదా, దాని కరెంటు మేమెందుకు కట్టాలనేవాళ్ళు. పై ఇళ్ళవాళ్ళు మా కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి, నీళ్ళ డబ్బు అందరితో సమానంగా ఎందుకివ్వాలనేవాళ్ళు. కళ్ళజోళ్ళ షాపాయనకు అక్కడ రెండు ఫ్లాట్లు. ఒకదానికి ఎప్పుడూ తాళమే. "తాళం వేసిన ఇల్లు నీళ్ళు తాగుతుందా? మెట్లెక్కి దిగుతుందా?" అని ప్రతి నెలా అదే జోకు వేసి, ప్రతి నెలా సగమే ఇచ్చేవాడు. ట్యూషన్లు చెప్పే టీచరమ్మ అలా కాదు. ఒకటో తారీఖునే మొత్తం కట్టేసేది. ఇక ఆ నెలంతా సంజాయిషీ అడిగే హక్కు కొనుక్కున్నట్టే ఆవిడకు. "మెట్ల దగ్గర బల్బు మార్చారటగా, మరి పాత బల్బేదీ?" అని నిలదీసేది.

ఇన్ని మాటల కిందా ఉన్నది ఒకటే మాట. డబ్బు ఎవరి చేతిలో ఉంటే వాడు తింటాడు. మిగతావాళ్ళు దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగేవాళ్ళు, చెకింగాయన పైకి అనేవాడు. అంతే తేడా. ఆయన మెయింటెనెన్స్ ఎగ్గొట్టిన నెల ఒక్కటీ లేదు. కాకపోతే నోటు ఒక చివర పట్టుకుని అవతలివాడు లాక్కోవలసి వచ్చేటట్టు ఇచ్చేవాడు.

దీంతో సెక్రటరీగా ఎవరొచ్చినా ఏడాది తిరక్కుండా మొహం మాడ్చుకుని దిగిపోయేవాళ్ళు. చివరికి నాకొద్దంటే నాకొద్దని అందరూ తప్పుకుంటున్నప్పుడు, "నేను చూస్తాలెండి" అని లేచింది డ్రాయింగ్ మాస్టారు.

మాస్టారు బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. భార్య పోయాక పై అంతస్తులో కూతురి దగ్గరికి వచ్చేశారు. అల్లుడు మంచివాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. అయినా అల్లుడి ఇంట్లో ఊరికే కూర్చుని తింటున్నానన్న ముల్లు మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంటూనే ఉండేది. సెక్రటరీ పని చేతికొచ్చాక ఆయన నడకే మారింది. ఉత్తరాల డబ్బాల మీద ఇంటి నంబర్లు సొంత కుంచెతో ముచ్చటగా రాశారు. కార్ల మధ్య గీతలు గీశారు. ఎవరో ఒకరు తలుపు కొట్టి "మాస్టారున్నారా?" అని అడగడం, అల్లుడు తలుపు తీసి "మామయ్యగారూ, మీకోసమే" అని పిలవడం ఆ మనిషికి పండగలా ఉండేది. పాలకీ కూరలకీ ఇంటి ఖర్చు డబ్బు కూడా అల్లుడు ఆయన చేతికే ఇచ్చేవాడు. అంతమంది డబ్బు చూసే మనిషికి ఇంటి డబ్బు ఇవ్వకుండా ఎలా ఉంటాడు!

ఈ మాస్టారికీ చెకింగాయనకీ పొత్తు ఎలా కుదిరిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి పార్కు చుట్టూ నడిచేవాళ్ళు. ఆయన లోకంలోని దొంగల గురించి చెప్పేవాడు, ఈయన ఆకాశం రంగు చూపించేవారు. ఒకరి మాట ఒకరు సరిగా వినేవాళ్ళు కాదు కాబట్టి బాగానే సాగేది. తిరిగొచ్చేటప్పుడు మలుపులో టీ కొట్టు దగ్గర ఆగేవాళ్ళు. డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని రోజూ పోట్లాట.

ఆ బిల్డింగంతటిలో చెకింగాయన అనుమానించని మనిషి మాస్టారొక్కరే. కొన్నాళ్ళకు ఆ సంగతే ఆయన్ని తినేయడం మొదలుపెట్టింది. ఇంత చాకిరీ ఊరికే ఎందుకు చేస్తున్నట్టు? ఎవరేమన్నా నవ్వుతాడేమిటి? బస్సులో కూడా అంతే, చెకింగు ఎక్కగానే నమస్కారం పెట్టి నవ్వేవాడి దగ్గరే టికెట్ ఉండేది కాదు.

ఆ ఏడు ఖర్చు తగ్గించాలని అందరూ చేతులెత్తి వాచ్‌మన్‌ని తీసేశారు. వద్దన్నది మాస్టారొక్కరే. ఇక ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో చూసే దిక్కు లేకుండా పోయింది. తర్వాత కొన్నాళ్ళకు, పైన నీళ్ళ ట్యాంకు కడిగించబోతున్నానని మాస్టారు బోర్డు మీద రాసి పెట్టారు.

చెకింగాయనకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. చేసిన పనికి ఎక్కువ బిల్లు వేసేవాడు చిల్లర దొంగ. చేయని పనికి బిల్లు వేసేవాడే అసలు దొంగ. ట్యాంకు కడిగారో లేదో మేడెక్కి, నాలుగు మెట్ల ఇనుప నిచ్చెనెక్కి చూసేదెవరు? ఆ మధ్యాహ్నమే భార్య కుట్టు డబ్బాలోంచి మెరూన్ రంగు దారం తీసుకుని పైకెక్కాడు. మూత పిడికీ పక్కనున్న ఇనుప కొక్కేనికీ కలిపి కట్టి ముడి వేశాడు. మూత లేస్తే దారం తెగాలి. మాస్టారి మీద అనుమానంతో కాదు, పనివాళ్ళ మీదేనని తనకు తానే చెప్పుకున్నాడు. దిగేటప్పుడు ఇంకోసారి కూడా చెప్పుకున్నాడు. అన్నిసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు.

ఆ ముడి గురించి ఒక మాట చెప్పాలి. కండక్టరుగా ఉన్న రోజుల్లో టికెట్ కట్టల్ని రేకు పెట్టెలో ఇంటికి తెచ్చుకునేవాడు. ఎవరైనా ఒక్క టికెట్ లాగినా తెలిసిపోవాలని ప్రతి కట్టకూ దారం చుట్టి, తనే కనిపెట్టిన ముడి వేసేవాడు. రెండు ఉచ్చులు వేసి, కొసను అడుగునుంచి తీసి, మళ్ళీ మొదటి ఉచ్చులోనే దాచేయడం. విప్పినవాడికి మళ్ళీ అలా వేయడం చేతకాదు. డిపోలో ఎంతమంది ప్రయత్నించినా రాలేదని ఆయన గర్వం.

ఆ వారంలోనే భార్యాభర్తలిద్దరూ ఆయన తమ్ముడింటికి వెళ్ళి రెండు రాత్రులుండి వచ్చారు. భార్య సంచులతో ముందు లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర చెకింగాయనకు మాస్టారు ఎదురై, "ట్యాంకు కడిగించేశానండీ. నేనే దగ్గరుండి చూశాను. అడుగున బురద చూస్తే మీరు మళ్ళీ నీళ్ళు తాగరు" అని నవ్వారు. చెకింగాయన కూడా నవ్వాడు. ప్రయాణం బడలికతో కాస్త నడుం వాల్చి, సాయంత్రం మేడెక్కాడు.

దారం కట్టినది కట్టినట్టే ఉంది.

పట్టుబడింది పరాయివాడైతే ఎంత సంబరపడేవాడో! అప్పుడు మాత్రం నిచ్చెన మీదే కాసేపు కూలబడ్డాడు. మళ్ళీ లేచి వంగి చూశాడు. ముడి తనదే, సందేహం లేదు. దారం కాస్త బిగువుగా ఉన్నట్టనిపించింది. ఎండకు బిగుసుకుని ఉంటుందిలే అనుకున్నాడు. ఇన్నేళ్ళ తనిఖీలో అనుమానించవలసిన చోట అనుమానించకుండా వదిలేసింది ఆ ఒక్కచోటే. ముడి చెదరకుండా దారం కత్తిరించి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు. భార్యకు చెప్పలేదు. కేసు తేలేదాకా ఇంట్లో చెప్పకపోవడం ఆయనకు సర్వీసులో ఉన్నప్పటి అలవాటు.

ఆదివారం మీటింగు. కార్లు నిలిపే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మాస్టారు ఖర్చులు చదువుతూ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి చెకింగాయన లేచాడు.

"ట్యాంకు మూత తీశారా మాస్టారూ?"

"తీయకుండా ఎలా కడుగుతారండీ?" అన్నారు మాస్టారు నవ్వుతూ.

చెకింగాయన అగ్గిపెట్టె తెరిచి దారం బల్ల మీద పెట్టాడు. "ఇది నేను మూతకు కట్టిన దారం. ఊరెళ్ళే ముందు కట్టాను, వచ్చాక చూశాను. ఇది నా ముడి. ఇంకెవరికీ రాదు. మూత లేవలేదు."

అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. టీచరమ్మ ఆ రోజు నీళ్ళు బ్లీచింగ్ మందు వాసన కొట్టాయని నసిగింది. పైనుంచి పైపులో కాస్త పొడి పోస్తే వాసన రాదా అన్నాడు కళ్ళజోళ్ళాయన. పనివాళ్ళకు ఫోన్ చేశారు. కడిగామన్నారు. కడగలేదని ఎందుకంటారు, వాళ్ళ వాటా వాళ్ళకు ముట్టాక! ఆ రోజు చూసినవాళ్ళున్నారా అంటే, ఉద్యోగాలకు పోయేవాళ్ళు పోయారు, తలుపులేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. చూడవలసిన వాచ్‌మన్‌ని అందరూ కలిసి పంపేశారు. ఇన్నాళ్ళూ ఎవరి మీద పెట్టాలో తెలియక తిరుగుతున్న అనుమానానికి చోటు దొరికినట్టయింది. లిఫ్ట్ రిపేరూ అంతేనేమో అన్నారొకరు. రంగుల డబ్బాలు కూడానేమో అన్నారింకొకరు.

మాస్టారు మాత్రం చెకింగాయన వంకే చూస్తూ, "మీరు దారం కట్టారా?" అన్నారు. అంతే. డబ్బు గురించి ఒక్క ముక్క లేదు.

అప్పుడు వెనక కుర్చీలోంచి అల్లుడు లేచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "ఎంతండీ ట్యాంకు బిల్లు? నేను కట్టేస్తాను. పెద్దాయన్ని వదిలేయండి" అని, అక్కడికక్కడే ఫోన్ తీసి సంఘం ఖాతాకు పంపేశాడు.

అయిపోయింది. అల్లుడు కట్టాడంటే మామ తిన్నట్టేగా! మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, లిఫ్ట్ కూడా ఎక్కకుండా మెట్ల మీదుగానే పైకి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి చెకింగాయన ఒక్కడే నడిచాడు. టీ కొట్టువాడు అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టి, ఒకటి వెనక్కి తీసుకున్నాడు. దొంగ దొరికాక ఆయనకు ఎప్పుడూ ఆకలి బాగా వేసేది. ఈసారి అన్నం సహించలేదు. అది మాస్టారి మీద కోపమేనని అనుకున్నాడు. ఇన్నాళ్ళూ పక్కనే నడిచి ఇంత మోసమా అని భార్య దగ్గర చిటపటలాడాడు.

ఆవిడకు తెలిసిందల్లా డబ్బు దగ్గర ఇద్దరికీ చెడిందని. ఆవిడ మీటింగులకు వెళ్ళేది కాదు. కాని ఆవిడ చూసేవి వేరే ఉండేవి. "వాళ్ళల్లుడు ఆఫీసు నుంచి వస్తూ కూరల సంచి తనే మోసుకొస్తున్నాడండీ. పాల లెక్క కూడా కూతురే చూస్తోంది. మాస్టారు కిందికే రావడం లేదు. మొన్న మేడ మీద కనిపిస్తే, అమ్మా బాగున్నావా అని కూడా అడగకుండా మొహం తిప్పుకున్నారు. ఆ మనిషి తింటాడంటే నేను నమ్మను."

"నువ్వు నమ్మకపోతే ఏం? సాక్ష్యం ఉంది నా దగ్గర!" అని విసురుగా లేచి, బీరువాలోంచి అగ్గిపెట్టె తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాడు. "చూడు. ట్యాంకు మూతకు కట్టాను. తెగలేదు. కావాలంటే ముడి చూసుకో."

ఆవిడ దారం తీసి వెలుగులో పెట్టి చూసింది. చూస్తూ చూస్తూ, లోపల దాచిన కొసను గోటితో తడిమి ఆగిపోయింది.

"ఇది నేను వేసిన ముడండీ."

"నువ్వా? నీకెలా వస్తుంది ఈ ముడి?"

"బస్సు తలుపులో పడి మీ బొటనవేలు నలిగినప్పుడు కట్టలన్నీ ఎవరు కట్టారనుకున్నారు? అటు కాదే, కొస అడుగునుంచి తియ్యి అని పక్కన కూర్చుని ఏడిపించుకు తిన్నది మీరు కాదూ?"

పెళ్ళైన కొత్తలో సంగతి అది. చేతికి కట్టుతో తను మంచం మీద కూర్చుంటే, ఆవిడ రేకు పెట్టె ముందేసుకుని నెలల తరబడి కట్టలు కట్టింది. వేలు బాగయ్యాక ఆ సంగతే మర్చిపోయాడు. ముడి మాత్రం తన ఒక్కడిదే అని గుర్తుపెట్టుకున్నాడు.

"ఊరునుంచి వచ్చి మీరు పడుకున్నారు. నేను బట్టలు ఆరేయడానికి పైకెళ్ళాను. దారం తెగి ట్యాంకు మూత పిడికి వేలాడుతోంది. నా డబ్బాలోదే, చూడగానే తెలిసింది. ఎందుకు కట్టారో ఏమో, పిల్లలెవరైనా తెంపారేమో, మీరు చూస్తే ఎవర్ని పట్టుకుని అరుస్తారో ఏమో అని భయపడ్డాను. గొడవెందుకులే అని నిచ్చెనెక్కి, పాత ముడి విప్పి మళ్ళీ కట్టేశాను" అంది ఆవిడ. చెప్పడం పూర్తికాకుండానే ఏడుపొచ్చేసింది. "గొడవ కాకూడదనేగా కట్టాను!"

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. మొగుడి అనుమానానికి భయపడి భార్య వేసిన ముడి అది. ఆ ముడి పట్టుకునే ఆయన స్నేహితుడి పరువు తీశాడు. ఆవిణ్ణి ఏమనడానికీ ఆయనకు నోరు లేదు. చొక్కా తొడుక్కుని, ఆవిణ్ణి కూడా తీసుకుని పై అంతస్తుకు వెళ్ళాడు.

మాస్టారు అంతా విన్నారు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. పక్క బల్ల మీద కడిగిన కుంచెలు ఎండి, అలాగే పడున్నాయి.

"తప్పైపోయింది మాస్టారూ" అన్నాడు చెకింగాయన.

"నాతో చెప్పి ఏం లాభమండీ? నేను తినలేదని నాకు తెలుసు. మా అల్లుడికి చెప్పండి" అన్నారు మాస్టారు.

అల్లుడు వచ్చేదాకా కూర్చుని చెప్పారు. అతను శ్రద్ధగా విన్నాడు. ఆవిడ మళ్ళీ దారం పట్టుకుని ముడి వేసి చూపిస్తే తలూపాడు. ఎంతో మర్యాదగా, "పోనీలెండి అంకుల్. పెద్దవాళ్ళు మీలో మీరు సర్దుకున్నారు, అదే చాలు" అన్నాడు. చెకింగాయన ఆ మొహం చూశాడు. టికెట్ ఉందని చెప్పి జేబు చూపించని మొహాలు ఎన్ని చూడలేదు! అతను నమ్మలేదు. స్నేహితుడి పరువు నిలబెట్టడానికి ముసలాయన కథ అల్లుకొచ్చాడని అనుకుంటున్నాడు. మాస్టారికీ అర్థమైంది. లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

సరే, అందరి ముందు అన్నది అందరి ముందే దిద్దాలని చెకింగాయన మీటింగు పెట్టించాడు. భార్య మొదటిసారి వచ్చి ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ముడి వేసి చూపించింది. ఆయన నిలబడి, ఎక్కడ పొరపాటు పడ్డాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. మాస్టారు నిజాయితీపరుడు, అల్లుడి డబ్బు తిరిగి ఇచ్చేయాలి అన్నాడు.

కళ్ళజోళ్ళాయన గొంతు సవరించుకుని, "మీకెంత ముట్టిందండీ?" అన్నాడు.

"ఏమిటీ?"

"ఊరికే అడిగానండీ. ఇదివరకు మీరే అన్నారుగా, మాట మార్చినవాడి జేబు చూడమని!"

అందరూ నవ్వారు. ఆ మాట నిజంగా ఆయనదే, మెట్ల దగ్గర ఎన్నోసార్లు అన్నదే. టీచరమ్మ నవ్వలేదు గాని, భార్యన్నాక భర్త చెప్పమన్నది చెప్పదా అని పక్కావిడ చెవిలో ఊదింది. తప్పు చేయకపోతే అల్లుడెందుకు కడతాడని ఇంకొకరు. వచ్చిన డబ్బు వెనక్కిచ్చే సంఘం ఎక్కడైనా ఉందా అని మరొకరు. చెకింగాయన ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయాడు. అందరి మొహాల్లోనూ ఒకటే చూపు. ఎక్కడో బాగా తెలిసిన చూపే. ఎక్కడ చూశాడో అప్పుడు తట్టింది. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసే చూపు అది.

మాస్టారు ఆ పని ఇక చూడనని కబురు పంపడంతో కొత్త సెక్రటరీ ఎవరనే మాట వచ్చింది. షరా మామూలే, అందరూ చెప్పులు వెతుక్కోసాగారు. "నేను చేస్తాను" అన్నాడు చెకింగాయన. అందుకే ఈ నాటకమంతా అన్నట్టు కళ్ళజోళ్ళాయన టీచరమ్మ వైపు చూశాడు.

సెక్రటరీగా ఆయన చేసిన మొదటి పని అల్లుడి డబ్బు తన పెన్షన్‌లోంచి అల్లుడికి తిరిగి ఇవ్వడం. అతను వద్దన్నాడు. ఈయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి తీసుకుని, తీసుకున్న చేతిని చూసుకుంటూ, "నిజంగానే కడిగించారా అంకుల్?" అని మెల్లగా అడిగాడు. "కడిగించారు" అన్నాడు చెకింగాయన. కట్టినప్పుడు బిల్డింగంతా చూసింది. తిరిగి ఇచ్చినప్పుడు చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మళ్ళీ ట్యాంకు కడిగించే వేళ వచ్చింది. బోర్డు మీద రాసి పెట్టి, ప్రతి తలుపూ కొట్టి, వచ్చి చూడమని మరీ మరీ చెప్పాడు. వస్తామన్నారందరూ. అనుకున్న రోజున పనివాళ్ళను వెంటబెట్టుకుని, భార్యతో కలిసి పైకెక్కాడు.

మూత దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. పిడికీ కొక్కేనికీ మధ్య తెల్ల దారం ఒకటి కట్టి ఉంది. దాని పక్కన నల్ల దారం. మూత అంచున గోధుమరంగు టేపు ముక్క అతికించి ఉంది, పెట్టెలకు వేసే టేపు. ఇంకోచోట సుద్దముక్కతో గీత, టీచరమ్మ తప్ప అలాంటి సుద్ద ఎవరింట్లో ఉంటుంది? ఎవరూ చూడటానికి రారు గాని చూడకుండా ఎవరూ ఊరుకోలేదన్నమాట. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తను ఒక్కడే ఒక్క దారం కట్టాడు. బిల్డింగంతా నేర్చేసుకుంది.

అప్పుడు కనిపించింది ఇంకొకటి. మూత మీదినుంచి ట్యాంకు మీదికి సన్నటి నీలం గీత. ఎక్కడా వణుకు లేదు, ఎక్కడా మందం మారలేదు. అలాంటి గీత గీయగల చెయ్యి ఆ బిల్డింగులో ఒక్కటే ఉంది.

వెనక చప్పుడైతే తిరిగి చూశాడు. మాస్టారు మెట్ల తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఈ గీత మీదేనా మాస్టారూ?"

"నాదే."

"నా మీద మీకూ నమ్మకం లేదా?"

మాస్టారు వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నారు. దగ్గరగా కాదు, కాస్త ఎడంగా. "నమ్మకం సంగతి నాకు తెలీదు ఇన్‌స్పెక్టర్ గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. కాని ఆ రోజు నేను కడిగిస్తుంటే చూసిన మనిషి ఒక్కడు లేడు. మీకలా కాకూడదు. మూత లేస్తే గీత విరుగుతుంది. విరగడం నేను చూస్తాను. అడిగినవాళ్ళకు చూశానని చెప్తాను. వాళ్ళు నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు."

చెకింగాయన పనివాళ్ళ వైపు తిరిగి తలూపాడు. వాళ్ళు మూత పట్టుకుని లేపారు. టేపు ఊడింది, సుద్ద రాలింది, నీలం గీత రెండుగా విడిపోయింది. దారాలు రెండూ పటుక్కున తెగి కింద పడ్డాయి.

భార్య అలవాటు కొద్దీ వంగి వాటిని తీయబోయింది.

"ముట్టుకోకు!" అని కేకేశాడు చెకింగాయన. పనివాళ్ళు ఉలిక్కిపడి మూత వదిలేయబోయారు. ఆయన గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అన్నాడు. "తెగింది తెగినట్టే ఉండనీ. కట్టకు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మాస్టారు నవ్వలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. అడుగు బురద ఎత్తి పోసేదాకా పిట్టగోడ మీదే కూర్చున్నారు.